పేర్లు లేని కొలతల పుస్తకం

షాజాదీ బేగం కొలతల పుస్తకం ఎవరి చేతికి చిక్కినా వాళ్లకు ఒరిగేదేమీ లేదు. కరీంనగర్‌కు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎర్రగుంటపల్లిలో ఇరవై రెండేళ్లుగా ఆమె జాకెట్లూ, సల్వార్లూ, బురఖాలూ కుడుతోంది. ఊళ్లో సగంమంది ఆడవాళ్ల కొలతలు ఆ పుస్తకంలో ఉన్నాయి. పేరు మాత్రం ఒక్కటీ లేదు. ప్రతి కొలత పక్కనా ఆ బట్టలోంచి కత్తిరించిన చిన్న ముక్కను పిన్నుతో గుచ్చి పెడుతుంది. ఆ ముక్క ఎవరిదో ఇచ్చినావిడకు తెలుసు, షాజాదీకి తెలుసు. ఒకసారి ఓ పెద్దమనిషి కాబోయే కోడలు లావో సన్నమో చూద్దామని ఆ పుస్తకం తిరగేసి, అన్నీ అంకెలూ గుడ్డముక్కలే కనిపించేసరికి తెల్లమొహం వేసుకుని పోయాడు. ఆ సంగతి చెప్పి ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.

ఇంత జాగ్రత్త గల మనిషే ఒకసారి పప్పులో కాలేసింది. దానికి కారణం కూతురు యుమ్నా.

యుమ్నా కరీంనగర్‌లో యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో డిగ్రీలో చేరింది. ప్రాక్టికల్స్ అయ్యేసరికి సాయంత్రం ఐదవుతుంది. ఊరికి వచ్చే ఐదున్నర బస్సును ఆ ఏడే రద్దు చేశారు. బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవని ఊరంతా సంబరపడుతుంటే, ఈ పిల్లకు బస్సే లేకుండా పోయింది. రెండు నెలలు ఆటోలు మారి మారి వచ్చింది. తండ్రి మహమూద్ రోజూ చౌరస్తాలో స్కూటర్ వేసుకుని నిలబడేవాడు. ఒకరోజు ఆటోలు దొరక్క పిల్ల బాగా చీకటిపడ్డాక చేరేసరికి, ఇక చాలన్నాడు. యుమ్నా ఏడవలేదు. రికార్డు పుస్తకాలకు అట్టలు వేసి బీరువా మీద పెట్టేసింది. ఏడ్చినా బాగుండేదని షాజాదీ గుండె తరుక్కుపోయింది.

జూన్‌లో మళ్లీ చేర్చుకుంటారు. ఆలోగా బస్సు రాకపోతే ఆ చదువు అంతే.

షాజాదీ బస్సు డిపోకు పోయి మేనేజర్ ఓంప్రకాశ్‌ను కలిసింది. ఆయన మంచిగానే కూర్చోబెట్టాడు.

"ఒక్క పిల్ల కోసం బస్సు తిప్పలేనమ్మా. గా లైన్ల ఎంతమంది ఆగిపోయిండ్రో లెక్క తీస్కరా, అప్పుడు చూద్దాం."

లెక్క యూనివర్సిటీ దగ్గర ఉంటుంది. ఆమె సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది. ఆ లైన్లో చదువు ఆపేసిన ఆడపిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఇవ్వమంది. ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయిద్దామని ఆమె ఆలోచన. విద్యార్థుల సొంత వివరాలు ఇవ్వడం కుదరదని జవాబొచ్చింది. కోపం నెత్తికెక్కి, ఆ జవాబు రాసిన సమాచార అధికారి మమతారాణితో తేల్చుకుందామని బయలుదేరింది. మమతారాణి ఆమె చెప్పిందంతా విని ఒక్క మాటే అడిగింది.

"రేపు ఇంకెవరన్న వచ్చి మీ బిడ్డ ఫోన్ నంబర్ అడిగితే గిట్లనే ఇయ్యమంటరా అమ్మా?"

షాజాదీ ఆ జవాబు కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే తన పుస్తకమే కళ్ల ముందు మెదిలింది. ఇరవై రెండేళ్లుగా ఒక్క పేరు రాసుకోని తను, పరాయి పిల్లల పేర్లన్నీ సంచిలో వేసుకుని వద్దామని పోయింది. తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మిషన్ ఆపి కొత్త దరఖాస్తు రాసింది. పేర్లు వద్దు, కులం వద్దు, మార్కులు వద్దు. మూడేళ్లలో తమ బస్సు లైన్ నుంచి చేరిన ఆడపిల్లలెందరు, వాళ్లలో రెండో సెమిస్టర్ పరీక్ష రాయకుండా ఆగిపోయినవాళ్లెందరు? సాయంత్రం బస్సు నడుస్తున్న, అంతే దూరం ఉన్న ఇంకో లైన్లో ఎందరు?

అక్కడితో ఆగలేదు. ఊరివారీగా లెక్క ఇవ్వొద్దని, లైన్ మొత్తానికి కలిపే ఇవ్వాలని రాసింది. ఇదీ కుట్టుపనిలో నేర్చిందే. చిలకపచ్చ పట్టుబట్ట ఊళ్లో ఒక్కరే కొంటే ఆ ముక్కే మనిషిని పట్టిస్తుంది, కాబట్టి అక్కడ తెల్ల లైనింగ్ ముక్క గుచ్చుతుంది. ఎర్రగుంటపల్లి నుంచి ఆ కాలేజీలో చేరింది ఒక్క యుమ్నాయే. ఊరి పేరు పక్కన ఒకటి అని పడితే ఇక పేరు దాచి లాభమేముంది?

షాజాదీ తెచ్చిచ్చిన ఆ కాగితాన్ని మమతారాణి రెండుసార్లు చదివింది. ఏ వకీలు రాసిచ్చిండని అడిగింది.

"వకీలెవరు లేరు మేడం. నేను బట్టలు కుడత."

పద్దెనిమిదో రోజున ఒకే ఒక్క పేజీ వచ్చింది. తమ లైన్లో చేరింది అరవై నలుగురు, ఆగిపోయింది నలభై ఒక్కరు. సాయంత్రం బస్సున్న లైన్లో యాభై తొమ్మిది మందిలో ఆరుగురే ఆగిపోయారు. షాజాదీ ఆ అంకెలను వేలితో తడిమింది. బస్సు పోయింది ఈ ఏడే అయినా, అంతకుముందు కూడా వారంలో సగం రోజులు రాని బస్సే అది. ఎవరి ఇంట్లో వాళ్లు తమ పిల్లకే ఈ గతి పట్టిందని కుమిలిపోయారు. ఇంకో నలభై బీరువాల మీద నలభై కట్టల రికార్డు పుస్తకాలు ఉంటాయన్న ఆలోచన తనకూ ఇన్నాళ్లూ రాలేదు.

డిపోలో ఓంప్రకాశ్ ఆ పేజీ మీద వేలు పెట్టి అంకెలన్నీ చదివాడు. చివరికి, ఇందులో మీ బిడ్డ ఎక్కడుందని అడిగాడు.

"నలభై ఒకటిల ఉన్నది సార్. ఏ ఒకటో మీకెందుకు? బస్సైతే అందరికి ఒక్కటే గద."

ఆయన నవ్వాడు, కలం తీశాడు. నెల రోజులు నడిపి చూస్తానన్నాడు. ఆ నెల ఇంకా ముగియలేదు కానీ, జూన్‌లో మొదటి సాయంత్రమే సీట్లు నిండాయి. షాజాదీ పట్టుబట్టి కరీంనగర్ దాకా పోయి, అదే బస్సులో కూతురి పక్కన కూర్చుని వచ్చింది. దారి పొడుగునా పుస్తకాల సంచులతో పిల్లలు దిగుతూనే ఉన్నారు. వాళ్లలో మళ్లీ చేరినవాళ్లెవరో, కొత్తవాళ్లెవరో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు. యుమ్నా ఒళ్లో రికార్డు పుస్తకం పెట్టుకుని ఏదో బొమ్మ గురించి ఆపకుండా చెబుతోంది. వింటుంటే షాజాదీకి సంతోషంతో కళ్లు నిండిపోయాయి.

ఊళ్లో దిగాక, ఆడవాళ్లకు పైసా తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్‌ను కూతురి దగ్గర అడిగి తీసుకుంది. ఇంటికి పోగానే కొలతల పుస్తకం తెరిచి, కొత్త పేజీలో ఆ టికెట్ పిన్నుతో గుచ్చింది. పక్కన నలభై ఒకటి అని వేసింది. పేరు రాయలేదు.