మూతల మామ్మ

మందుల సీసాలు తయారుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ మూతల మామ్మ అంటారు. సీసా మూతను పసిపిల్లలు తియ్యలేకపోవాలి, ముసలివాళ్లు తియ్యగలగాలి అని ప్రభుత్వ నిబంధన. అందులో రెండో సగానికి ఆమె వేళ్లే కొలత. నలభై ఏళ్లు బట్టలు కుట్టి కుట్టి అల్లం కొమ్ముల్లా వంకరపోయిన వేళ్లవి. ముందు కళ్లజోడు తీసి పక్కన పెడుతుంది. సీసాను చెవి దగ్గర ఆడిస్తుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. తర్వాత "రా తల్లీ, రా" అని మూతను బతిమాలుతుంది. ఐదు నిమిషాల్లో రాకపోతే ఆ రకం మూతతో ఒక్క సీసా కూడా అమ్మడానికి వీల్లేదు.

ఆ రోజు కొత్త మూత నాలుగు నిమిషాలైనా కదల్లేదు. బయట లారీ సరుకుతో సిద్ధంగా ఉంది. "మామ్మగారూ, ఇంట్లో ఎలా తీస్తారో అలాగే తియ్యండి," అన్నాడు మేనేజరు చెమట తుడుచుకుంటూ. ఆమె లేచి వెళ్లి, సీసా మూతను తలుపు సందులో ఇరికించి ఒక్క తిప్పు తిప్పింది. టక్కున ఊడింది. మేనేజరు మొహం చాటంత అయింది.

"వచ్చిందిగా! రాసేస్తున్నా."

"రాయి నాయనా," అంది ఆమె తాపీగా కళ్లజోడు పెట్టుకుంటూ. "సీసాతోపాటు ఒక తలుపు కూడా ఇస్తామని రాయి."