రొట్టెలా పంచిన నీళ్లు

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ఆ రోజు రొట్టెను ముక్కలు చేసే పని ఇరవై ఏళ్లుగా నాదే. నరసన్నపేట బేకరీ నుంచి తెచ్చిన రొట్టెకు అంచులు తీసేసి, గోరంత ముక్కలుగా కోస్తాను. ఎనభై మంది ఉంటే ఎనభై ముక్కలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అని ఉండదు. వెనక బెంచీ దగ్గరికి వచ్చేసరికి పళ్లెం ఖాళీ అయిపోయిందని ఇప్పటివరకూ ఎవరూ అనలేదు. ఆ చేతి మీద నమ్మకంతోనే ఆ యేడు నీళ్లు పంచే పని కూడా నాకే అప్పగించారు.

మా తొమ్మిది కుటుంబాలకూ కలిపి ఊరికి తూర్పున ఒక నేలనుయ్యి ఉంది. తాతలు కలిసి తవ్వుకున్నది. అక్కడి నుంచి ఒక పిల్లకాలువ సాగుతుంది. దాని వెంట తొమ్మిది మళ్లు, ఇంచుమించు ఒకే కొలత. నుయ్యి పక్కనున్నది నాది. కాలువ చివర, తాటిచెట్ల దగ్గరున్నది మా అక్కది. భర్త పోయాక ఆ మడినీ, ఒక గేదెనూ నమ్ముకుని ఆమె ఒంటరిగా బతుకుతోంది. హైవే మీద టీ దుకాణానికి పాలు పోస్తుంది. ఆ యేడు గేదె చూలుతో ఉంది. క్రిస్మస్ దాటాక ఈనాలి. పాలు లేని ఆ నాలుగు నెలలూ దాన్ని మేపి నిలబెట్టుకోగలిగితే ఆమెకు మరో రెండేళ్ల బతుకు దొరికినట్టే. నిలబెట్టుకోలేకపోతే ఇక కూలికి పోవాలి. ఆ సంగతి నాకు తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు.

వరి పొట్టకొచ్చే వేళకు వానలు ఆగిపోయాయి. పెద్ద కాలువ నీరు మా దాకా రావడం మానేసింది. మోటారు వేస్తే నాలుగు గంటల్లో నుయ్యి అడుగు కనిపించేది. మర్నాటికి మళ్లీ అంతే నీరు ఊరేది. ఆ నీరు నాలుగు మళ్లకు సరిపోతుంది. మావి తొమ్మిది.

గ్రామ సచివాలయం నుంచి వ్యవసాయం చూసే అమ్మాయి వచ్చింది. నా కూతురి వయసు ఉంటుంది. బీటలో వేలు పెట్టి లోతు చూసి, గట్టు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఇవాళే నాలుగు మళ్లు ఎంచుకోమంది. మిగిలిన ఐదూ పచ్చగా ఉన్నప్పుడే కోసి పశువులకు వేసుకోమంది. పది రోజులు ఆగితే అవి గడ్డిగా కూడా పనికిరావంది. పంచుకోవాలనుకుంటే నాలుగు మళ్లలో పండిన గింజను తొమ్మిది ఇళ్లూ పంచుకోండి గానీ, ఈ నీటిని పంచకండి అంది. ఏ ఐదు కోయాలమ్మా అని అడిగాను. అది మీరే చెప్పుకోవాలి అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక తొమ్మిది కుటుంబాలూ గుడిలోనే ఆగాయి. ఎవరూ మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఎదుటి బెంచీలో కూర్చున్న వాళ్ల మడిని ఎండబెట్టమని అడిగినట్టే. ఆ మౌనం భరించలేక నేనే లేచాను. అరణ్యంలో గుడారాలు వేసుకున్న ప్రజలకు దేవుడు ఏ రోజు ఆహారం ఆ రోజు కురిపించిన బైబిలు సంగతి చెప్పాను. ఆ గుడారాల్లో ఒక్క కుటుంబం కూడా పస్తుండలేదు, మనలోనూ ఎవరి చెయ్యీ ఖాళీగా ఉండకూడదు అన్నాను. నాలుగు గంటలను తొమ్మిది భాగాలు చేశాను. ఇంటికి అరగంట లోపు. అందరూ ఆమేన్ అన్నారు. ముఖాలు తేలికపడ్డాయి. దాన్ని విశ్వాసం అనుకున్నాను. అది తప్పించుకున్న ఊరట అని ఇప్పుడు తెలుసు. ముగింపు ప్రార్థన కూడా నేనే చేశాను.

ఆ మధ్యాహ్నమే అక్క మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"నాది వదిలెయ్‌రా. ఇప్పుడైతే పచ్చగా ఉన్నాది. కోసీసి గేదికి ఏసుకుంటాను. నా వంతు నీరు పైనోళ్లకి కట్టెయ్."

"నీ మడి ఎండగట్టి నాను కూడు తినగలనేటక్కా?"

"తలో సుక్క పోసి అందరివీ సంపేస్తావు. దాని కడుపులో పిల్లున్నాదిరా. దానికి గడ్డి కావాల, నీ నాయం కాదు."

సంఘం ముందు ఆమేన్ అన్న మాట గుర్తు చేశాను. ఒకరు కొడవలి పట్టుకుంటే మిగిలినవాళ్ల విశ్వాసం కదిలిపోతుందన్నాను. చివరనున్న వాళ్లకే ముందు అందాలన్నది మన పద్ధతి, నీ మడిని చావనివ్వను అన్నాను. నాకన్నా ఆరేళ్లు పెద్దది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని ఆదివారం బడికి తీసుకెళ్లింది ఆమే. అయినా నేను సంఘ పెద్దను. గుమ్మం దిగి వెళ్లిపోయింది. కొయ్యలేదు.

మర్నాటి నుంచి ఫోనులో అలారం పెట్టుకుని నీళ్లు కట్టాను. చివరనున్న అక్క మడితో మొదలుపెట్టి, ఒక మడికి వంతు అయిపోగానే గండి మూసి, పైమడికి గండి తీసేవాణ్ణి. నిమిషం అటూ ఇటూ కానిచ్చేవాణ్ణి కాదు. రెండో రోజున మా మేనమామ కొడుకు, ఐదో మడి అతనిది, గట్టు మీద నిలబడి నా ఫోను వైపు చూశాడు.

"ఏటి బావా, వరికి రీచార్జి సేస్తన్నావా? ఆ అరగంటా కాలువకే సరిపోతన్నాది. బాలెన్సు సూసీసరికి సున్నా."

పక్కనున్న వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అతను చెప్పింది నిజమే. ఎండిన కాలువ ముందు తను తాగి, ఆ తర్వాతే నీటిని కదలనిచ్చేది. నా మడిలో నిమిషం గడవక ముందే నీరు పడేది. అక్క మడి చేరడానికి ఆమె వంతులో సగానికి పైగా దారిలోనే పోయేది. ఫోనులో చూస్తే అందరికీ సమానం. మట్టిలో చూస్తే కాదు. అక్క పార పట్టుకుని తన గండి దగ్గర నిలబడి ఉండేది. సన్నటి నీటి పాయ వచ్చి బీటలోకి దిగిపోవడం చూసేది. అలారం మోగగానే తనే గండి మూసేది. ఒక్క రోజు కూడా ఇంకొంచెం అని అడగలేదు.

వెన్నులు బయటికి వచ్చాయి. తెల్లగా వచ్చాయి. నా మడిలో ఒక వెన్ను తెంపి గోటితో నొక్కాను. పొట్టు నొక్కుకుపోయింది, లోపల ఏమీ లేదు. తర్వాతి మడిలో చూశాను. ఆ తర్వాతిది. తొమ్మిదీ చూసుకుంటూ తాటిచెట్ల దాకా నడిచాను. అన్నీ తాలే. మోకరించాలని అనిపించలేదు. ఏడుపూ రాలేదు. అలారం మోగింది. అలవాటు కొద్దీ వెనక్కి నడిచి ఎవరిదో గండి తెరిచాను.

రొట్టె ముక్క ఎంత చిన్నదైనా అది పూర్తి రొట్టే. నోట్లో పెట్టుకున్న వాడికి ఏమీ తక్కువ కాదు. నీళ్లు అలా కావు. మొక్కకు కావలసిన కొలత ఒకటి ఉంది. దాని కన్నా తగ్గితే తక్కువ పంట రాదు, అసలు పంటే రాదు. నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన నాకు ఇది తెలియక కాదు. ద్రాక్షతీగను బాగు చేసేవాడు కొన్ని కొమ్మలు కోసేస్తాడని ఆదివారం బడి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తీగ గురించి చెప్పగలిగాను. కోసే చెయ్యి నాది కావలసి వచ్చేసరికి కత్తి పట్టుకోలేదు.

అక్క ఎర్రగా మాడిన వరి కోసి గేదె ముందు వేసింది. అది నోటితో పట్టి వదిలేసింది. చుట్టుపక్కల ఎవరి దగ్గరా గడ్డి లేదు. గేదెకు ఎముకలు పైకి తేలాయి. నెల తిరక్క ముందే అక్క దాన్ని సంతకు తోలుకెళ్లింది. నేనూ వెంట నడిచాను. పశువును అమ్మితే పలుపు ఇవ్వకపోవడం మా వైపు ఆనవాయితీ. కొన్నవాడు తన తాడు కట్టాక, అక్క మా పలుపు విప్పి చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది. ఇంటికొచ్చి దాన్ని పశువుల శాలలో మేకుకు తగిలించింది. మర్నాటి నుంచి జీడి బట్టీలో గింజలు ఒలిచే పనికి వెళ్లింది.

మా సంఘంలో స్త్రీలు పూటపూటా వండే ముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెస్తారు. అక్క డబ్బా ఆ యేడు కూడా ఆగలేదు. రేషను బియ్యంలోంచి తీసేది. బల్ల మీద పోస్తుంటే నేను డబ్బా పట్టుకునేవాణ్ణి. నాకు ప్రార్థన మాటలు నోటికి వచ్చేవి, అంతే. దేవుడు ఉన్నాడన్న నమ్మకం ఒక్క రోజూ కదల్లేదు. ఆయన ముందు నిలబడిన మనిషిలో మాత్రం కదలిక లేదు.

ఈ యేడు మళ్లీ అదే వేళకు వానలు ఆగాయి. మళ్లీ గుడిలో తొమ్మిది కుటుంబాలు, మళ్లీ అదే మౌనం. ఈసారి వాక్యం ఏదీ చెప్పలేదు. ఐదు కొయ్యాలి, పండిన నాలుగింటి గింజా తొమ్మిది భాగాలు అన్నాను. ముందు నా మడి కోస్తాను, నా నీళ్లు అక్కకు కట్టండి అన్నాను. ఆ మాట అంటుంటే ఏడాదిగా గుండె మీద ఉన్న బరువు కొద్దిగా జరిగినట్టనిపించింది. అక్క వెనక బెంచీ నుంచి లేచింది.

"నీది నుయ్యి పక్కన ఉన్నాది. పోసిన సుక్క పోసినట్టు మడిలో పడతాది. నీది కోసి నాది తడిపితే సగం నీరు కాలువే తాగెస్తాది. నీ మనసు సల్లబడ్డానికి మళ్లీ నీళ్లు పారబొయ్యకురా."

ఎవరూ ఆమేన్ అనలేదు. మేనమామ కొడుకు లేచి, తనది ఐదోది, తన మడి నుంచి చివరిదాకా కోసేద్దాం అన్నాడు. అంతే. ప్రార్థన చిన్నదిగా ముగిసింది.

మర్నాడు పొద్దున్నే అక్క తన మడిలోకి దిగింది. నేను వెళ్లేసరికి సగం కోసేసింది. నేనూ కొడవలి పట్టుకున్నాను. పచ్చి వరి వాసన. పొట్టలో వెన్నులు పాలు పోసుకోకముందే కోస్తున్నాం. ఆమె శాల నుంచి పాత పలుపు తెచ్చింది. దానితో గడ్డి మోపు బిగించింది. ఎక్కడికి అని అడిగాను. మేనమామ కొడుకు ఇంట్లో గేదె చూలుతో ఉందట, అతని మడి గడ్డి ఒక్కటే దానికి చాలదట.

ఆమె మోపు ఎత్తుకుని ముందు నడిచింది. రెండో మోపు నేను ఎత్తుకున్నాను. వెనక మోటారు మోగుతోంది. నీళ్లు నా మడిలోకి పడుతున్నాయి.