రెప్పలున్న బండి

మా బావకి షుగర్ వల్ల చూపు పోయింది. ఒక్కసారిగా కాదు, పొగమంచు కమ్మినట్టు మెల్లమెల్లగా పోయింది. దాంతోపాటు మాటా తగ్గిపోయింది. మా అక్కని నేను అప్ప అంటాను. శ్రీకాకుళంలో అప్ప వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా వరండా కుర్చీలో కూర్చుని, జరిగిపోతున్న ఎండని మొహంతో వెతుక్కుంటూ ఉండేవాడు. ఇదివరకు నేను గుమ్మం తొక్కకముందే ఏదో ఒకటి అని ఏడిపించేవాడు, మరదలిని కదా. ఇప్పుడు "వచ్చావేటి" అని ఊరుకునేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరి మీదో మాత్రం తెలిసేది కాదు.

మాది బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఇల్లు. మా వాళ్లలో ఉలి పట్టకుండా ఓడెక్కినవాడు బావ ఒక్కడే. కార్లు మోసే ఓడ అది. కార్లు కదలకుండా నేలకి బెల్టులు బిగించడం ఆయన పని. నడపడం కాదు. అయినా ఒకసారి ఒక ఎర్రటి జపాన్ స్పోర్ట్స్ కారుని పై అంతస్తుకి మార్చాల్సి వస్తే, పై ఆఫీసరు తాళం ఈయన చేతిలో పెట్టాడట. రెండే సీట్లు, నేలకి ఆనినంత ఎత్తు. మీట నొక్కితే ముందువైపు రెండు రెప్పలు లేచి, వాటి కింద నుంచి దీపాలు బయటికొచ్చేవట. "పడుకున్న పిల్ల కళ్లు తెరిసినట్టుంటాదే" అనేవాడు. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆ కథ వినకుండా విస్తరి ముందు నుంచి లేచేవాళ్లం కాదు.

ఈమధ్య అప్ప ఫోన్ చేసింది. "ఆ బండిని ఒక్కసారి సేత్తో తడమాలని ఉందన్నాడే" అని, వెంటనే ఏడ్చేసింది. చూపు పోయాక ఆయన నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదే.

నాన్నకి చెబితే, పనసకర్రలో మూరెడు బండి తనే చెక్కి ఇస్తానన్నాడు. వీణశాలలో కొత్త కర్ర పొట్టు వాసన మధ్య కూర్చుని ఫోన్‌లో ఫొటోలు వెతికాను. ఎవరో తీగలు సవరించుకుంటున్నారు. ఆ మోతలో ఎర్ర కార్లు ఒకదాని వెనక ఒకటి వేలి కింద జారుతుంటే నాకూ ఎక్కడికో వెళ్లిపోతున్నట్టే ఉంది. అప్పుడు తెలిసింది, ఒకే పేరు మీద ఆ కారు రెండు రకాలని. ముందు వచ్చినదానికి దీపాలు రెప్పల కింద దాక్కుంటాయి. తర్వాత వచ్చినదానికి రెప్పల్లేవు, దీపాలు అద్దాల వెనక ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. మిగిలిన ఒళ్లంతా దాదాపు ఒకటే.

నాన్న రెప్పల్లేనిదాన్నే ఎంచుకున్నాడు.

"బావ నడిపింది పాతది నాన్నా."

"దానికి రెప్పలు ఏరేగా సెయ్యాల, అతకాల. ఒక దుంగలోంచి ఒకటే రావాల. అతుకు పడితే నాదం పోతాది."

"బండికి నాదమేటి నాన్నా!"

ఆయన వినలేదు. వీణకి బుర్రలాంటి కుండా, మెడలాంటి దండీ ఒకే దుంగలో తొలిచి తీయడమే బతుకంతా చేసిన మనిషి. అతుకు అన్నమాట మా ఇంట్లో తిట్టుతో సమానం.

బండి మాత్రం అందంగా వచ్చింది. ఇద్దరం శ్రీకాకుళం తీసుకెళ్లి బావ ఒళ్లో పెట్టాం. ఆయన వేళ్లు తోక దగ్గర మొదలై, పైకప్పు మీదుగా నెమ్మదిగా జారాయి. మొహంలో ఏదో వెలుగు వస్తోందని నేనూ అప్పా ఒకరినొకరు చూసుకున్నాం. ముందుకొచ్చి వేళ్లు ఆగిపోయాయి. రెండుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ వెతికాయి.

"బాగుంది మావా" అన్నాడు మర్యాదగా. "ఇది దాని సెల్లెలు."

బండిని నా చేతికిచ్చేసి మళ్లీ ఎండ వైపు తిరిగాడు. ఆ మర్యాద నా గుండెల్లో గుచ్చుకుంది. ఆయన తిట్టినా బాగుండేది.

బస్సులో నాన్న దారంతా ఆ బండి ముక్కు తడుముతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే రంపం తీశాడు. తను చెక్కిన ఆ నునుపైన ముక్కు మీద రెండు పలకలు కోసి, కింద గుంటలు తొలిచి, దీపాలు మలిచి, వీణ తీగ ముక్కలు ఇరుసులుగా గుచ్చి ఆ పలకల్ని మళ్లీ అమర్చాడు. కోస్తున్నంతసేపూ పళ్లు బిగించే ఉన్నాడు. నేను చూడలేక లోపలికి వెళ్లిపోయాను.

ఈసారి బావ వేళ్లు తిన్నగా ముందుకే వెళ్లాయి. అంచు దొరికింది. గోటితో పైకి ఎత్తాడు. ఒక రెప్ప లేచింది, తర్వాత రెండోది. మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. నవ్వుతున్నాడు. "మరదలా, బండి ఎక్కుతావేటి, పెట్రోలు ఖర్చు నీదే" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నాన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి నడిచాడు.

చివరికి బావ రెప్పలు రెండూ పైకెత్తి బండిని ఒళ్లోనే ఉంచుకున్నాడు. అప్ప కాఫీ తెచ్చి, "పట్టపగలు దీపాలెందుకయ్యా, మూసెయ్యనా?" అంది.

"ఉండనీ. నాకు సీకటే కదా."

అప్ప గ్లాసు కింద పెట్టేసింది. ఇంకో కుర్చీ లాక్కొచ్చి, ఆయన పక్కన, ఆయన చూస్తున్న వైపే మొహం పెట్టి కూర్చుంది.

"సరే, నడుపు" అంది. "దారి నేను సూస్తాను."