రికార్డుకు పెట్టిన బొట్టు

అమెరికాలోని ట్రాయ్‌లో మేమున్న అపార్ట్‌మెంట్‌లో కింది ఇంటావిడకు డెబ్బై దాటాయి. భర్త కార్ల ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసేవాడట. నేను 2004లో వచ్చేసరికి ఆయన పోయి నాలుగేళ్లయింది. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. మా ఆయన ఏడింటికి ఆఫీసుకు వెళితే సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కతే.

ఒకరోజు పాత రికార్డ్ ప్లేయరూ, ఒక ఎల్‌పీ రికార్డూ తెచ్చిచ్చింది.

"ఊరికే కూర్చోకు హనీ, ఇది విను. జాగ్రత్త, మా ఆయనది. ప్రతి ఆదివారం ఇద్దరం వినేవాళ్లం."

రికార్డు పెట్టుకునే అట్ట మూల ఆయన పేరు పెన్సిల్‌తో రాసి ఉంది.

అన్నీ పాత జాజ్ పాటలు. ఒక ఆడమనిషి గొంతు, వెనకాల పియానో, అంతే. పన్నెండు పాటల్లోనూ వదిలిపోయినవాడి గురించిన ఏడుపే. మొదట్లో నాకు ఒళ్లు మండింది. పోయినవాణ్ణి పోనివ్వక ఇన్ని పాటలెందుకు? పైగా పాడినట్టే ఉండదు, పక్కన కూర్చుని చెవిలో చెప్పుకున్నట్టు ఉంటుంది. తీరా రెండు వారాలు తిరిగేసరికి, కూరలు తరుగుతూ నేనూ అవే కూనిరాగాలు తీస్తున్నాను.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు కారు తాళాలకు, ల్యాప్‌టాప్‌కు, మిక్సీకి బొట్లు పెట్టాను. పాటంటే సరస్వతే కదా అని రికార్డును బయటికి తీసి, దాని మీదే తడి గంధం రాసి కుంకుమ పెట్టాను. పూజలో పెట్టినవాటిని మర్నాటి దాకా ముట్టుకోకూడదు. నేనూ ముట్టుకోలేదు. గంధం గీతల్లోకి దిగి గట్టిపడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తడిగుడ్డతో తుడిస్తే ఇంకా లోపలికి పోయింది. నాలుగో పాటలో ముల్లు అక్కడికి రాగానే టక్కున ఎగిరి ఒక చరణం దాటేస్తోంది.

"ఆన్‌లైన్‌లో ఇంకోటి ఆర్డర్ చేద్దాంలే" అన్నాడు మా ఆయన.

"దాని మీద వాళ్లాయన పేరుంటుందా?" అన్నాను.

మూడు వారాలు ఆవిడ కంటపడకుండా మెట్లు దిగాను. ఇక ఉండబట్టలేక రికార్డూ, ప్లేయరూ తీసుకెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. మేము ఏటా దసరాకు పనిముట్లకు పూజ చేస్తామనీ, కారుతో నిమ్మకాయలు తొక్కిస్తామనీ, గౌరవంతోనే బొట్టు పెట్టాననీ చెప్పాను. ఆవిడ రికార్డు వేసి నాలుగో పాట దాకా కదలకుండా వింది. టక్కుమంది. ముఖం చిన్నబోయింది.

"గౌరవమే కావచ్చు. కానీ నన్ను అడగాల్సింది" అని రికార్డును అట్టలో పెట్టుకుంది.

అది నిజం కాబట్టే ఎక్కువ గుచ్చుకుంది. ఆ తర్వాత ఏడాదంతా మా మధ్య హలో, బై తప్ప మాటల్లేవు. నాకు చాలా బాధగా ఉండేది. పోయినవాళ్ల కోసం అన్ని పాటలెందుకో అప్పుడు తెలిసొచ్చింది.

మరుసటి దసరాకు కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి పైకి వచ్చాం. గంటకు ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఆవిడ, చేతిలో ఆ రికార్డు.

"పార్కింగ్‌లో నిమ్మకాయలు చూశాను. మీ పూజ ఇవాళేనా?"

"అవునండీ."

"దీనికీ పెట్టు."

కుంకుమ భరిణె తెచ్చాను. ఎక్కడ పెట్టమంటారని ఈసారి ముందే అడిగాను. ఆవిడ అట్ట మూల పెన్సిల్‌తో రాసిన పేరు పక్కన వేలు ఆనించి చూపించింది.