రాహేలమ్మ పిన్నమ్మకు వచ్చిన మెసేజ్

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. చనిపోయినవాళ్లు తిరిగి రారని లేఖనాల్లో చదువుకున్నాను, సండే స్కూల్లో పిల్లలకూ చెప్పాను. ఇది దయ్యం పని అని ఇప్పటికీ అనను. మరేమిటో చెప్పలేను.

ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, బర్మామైన్స్ పేటలోని మా తెలుగు చర్చి సంఘంలో రోజూ పొద్దున్నే ఒక్కొక్కరి పేరు పెట్టి ప్రార్థించి, వాళ్ల ఫోనుకు బైబిల్లోని ఒక వాగ్దాన వాక్యం పంపాలి. సంఘ పెద్దగా ఆ పని నాది. షిఫ్టులతో కుదరక, సాక్చి బజారులో కంప్యూటర్లు బాగుచేసే ఒకతని చేత అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఒకటి వేయించుకున్నాను. పేర్లూ నంబర్లూ ఎక్కిస్తే చాలు. "ఫలానా గారూ, ఈ ఉదయం మీ పేరు పెట్టి ప్రార్థించాను" అని నా నంబరు నుంచి కంప్యూటరే రాసి, వాక్యం జోడించి, అందరికీ పంపేసేది. నేను టీ తాగుతూ కూర్చునేవాణ్ణి.

"ప్రార్థన మిషనుకి అప్పజెప్పేసినావు. రేపు పరలోకానికి కూడా నీ బదులు అదే ఎల్తదేటి?" అని మా ఆవిడ దెప్పింది. నవ్వుతూ ఇంకో టీ అడిగాను.

కొన్నాళ్లకు మెసేజ్‌ల కంపెనీ వాళ్లు కనిపెట్టి నా నంబరును నిలిపేశారు. ఇప్పటికీ తెరవలేదు. సాఫ్ట్‌వేర్ తీసేశాను. సంఘంలో మాత్రం ఫోను పాడైందన్నాను.

ఆ తర్వాత ఒక ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ రాహేలమ్మ పిన్నమ్మ లేచింది. ఊళ్లోనే సిద్ధగోరాలో ఒంటరిగా ఉంటుంది. మాకు చుట్టం కాదు, నేను అలా పిలుస్తానంతే.

"రొమ్ములో గడ్డుందని డాక్టరన్నాడు. ఆపరేషనంటే బయమేసి, సిగ్గేసి, ఎవులికీ సెప్పనేదు. పోతే పోతాన్లే అనుకున్నాను. ఆ పొద్దే ఈ బాబు మెసేజొచ్చింది. ఎల్లి కోయించుకున్నాను. ఇదిగో, ఇంకా మీ పేణాలు తింతన్నాను!"

అందరూ నవ్వారు, హల్లెలూయా అన్నారు. నేను తల ఎత్తలేకపోయాను.

ఆరాధన అయ్యాక ఆమె ఫోను అడిగి చూశాను. నంబరు నాదే. తేదీ మాత్రం నా నంబరు ఆగిపోయిన తర్వాతిది.

"భయపడకు పిన్నమ్మా. ఆపరేషన్‌కు ఒప్పుకో. నీ పేరు పెట్టి ప్రార్థించాను."

ఆ సాఫ్ట్‌వేర్ అందరినీ 'గారూ' అనే పిలిచేది. పిన్నమ్మ అన్న మాట నేనెక్కడా ఎక్కించలేదు. అక్కడే వాకబు చేస్తే, ఆ తేదీన సంఘంలో ఇంకెవరికీ ఏమీ రాలేదు.

"ఏటి బాబూ, అలా సూత్తన్నావు? నువ్వు రాసిందే కదా?"

తల ఊపాను.

దేవుడే పంపాడని పాస్టరుగారితో చెప్పాలని రెండుసార్లు వెళ్లి, గుమ్మం దగ్గర్నుంచే తిరిగొచ్చాను. అది చెప్పాలంటే ముందు నేను ప్రార్థించలేదని చెప్పాలి. ఇప్పుడు మోకాళ్ల మీద నోటితోనే పేర్లన్నీ చెబుతున్నాను. కానీ ఆ పొద్దున ఆమె పేరు పలికింది నేను కాదు. ఎవరో నాకింకా తెలియదు.