నూనె తాగిన కర్ర

మానులో నారను తిన్నగా పెంచిన దేవునికి స్తోత్రం. ఆ నార ఎక్కడ వంకర తిరిగిందో పట్టుకునే కన్ను నాకిచ్చినందుకు స్తోత్రం. ఈ నాలుగు ముక్కలు కోపంతో రాస్తున్నాను కాబట్టి ముందే స్తుతించి మొదలుపెడుతున్నాను. తర్వాత నా నోరు ఎటు తిరుగుతుందో నాకే తెలియదు.

నేను వడ్రంగిని. బోగోలు దగ్గర మా ఊళ్ళో తలుపులూ మంచాలూ చేస్తాను. మా సంఘంలో వాక్యం చదివే బల్ల కూడా నా చేతిదే. కొన్నేళ్ళ కిందట కావలిలో పూల్ అనే బల్లమీది బంతులాట ఆడించే హాలువాళ్ళు వంగిపోయిన క్యూలు తెచ్చి నా ముందు పడేశారు. క్యూ అంటే బంతిని కొట్టే కర్ర. వెనక లావు భాగం కుడిచేతి పట్టుకి. ముందు సన్నటి భాగాన్ని షాఫ్ట్ అంటారు. ఆటంతా దాంట్లోనే ఉంది. తెల్ల బంతిని నడిమధ్య కాకుండా పక్కన కొట్టారనుకోండి, అది గురిపెట్టిన దారి నుంచి కాస్త తొలగుతుంది. మంచి షాఫ్ట్ అయితే ఆ తొలగడం తక్కువ. కొన ఎంత తేలికైతే అంత తక్కువ. ఇది నేను చెక్క గీకి గీకి తెలుసుకున్నాను. షాఫ్ట్‌కి రంగు పూయను, వార్నిష్ కొట్టను. ఎడమచేతి వేళ్ళ మధ్య వట్టి చెక్కే జారాలి.

సముద్రం ఒడ్డు పల్లెలో చేపల వేటకు పోయే ఒకతను ఆ హాల్లో ఆడతాడు. వేట నిషేధం రోజుల్లో పడవలు గట్టునుంటే అతను బల్ల దగ్గరే ఉంటాడు. వల లాగి లాగి బిరుసెక్కిన చేతులు అంత నెమ్మదిగా కదలడం నేనింకెక్కడా చూడలేదు. అతని కోసం మేపుల్ చెక్క తెప్పించి ఒక షాఫ్ట్ చేశాను. ఒక పొర తీయడం, దూలానికి వేలాడదీయడం, నెల ఆగడం, చెక్క ఎటు లాగుతుందో చూసి మళ్ళీ ఒక పొర తీయడం. ఏడాది పట్టింది.

"ఎట్టుండాది తమ్ముడా?" అని అడిగాను, మొదటిసారి ఆడి చూసినప్పుడు.

"కర్ర పట్టుకున్నట్టు లేదన్నా. వేలు చాపి బంతిని ముట్టుకున్నట్టుండాది."

ఇక మా సంఘ పెద్ద. రొయ్యల చెరువుల ఆసామి. ఆయన క్యూలు పోగుచేస్తారు, ఆడరు. ఇంట్లో గోడ పొడవునా గాజు బీరువా. ఏది ఏ దేశపు చెక్క, దేనిలో ముత్యపు చిప్ప పొదిగారు, అన్నీ నోటికి వచ్చు. ఒక్క కర్ర కొనకీ ఆటకు ముందు రాసే సుద్ద అంటలేదు. ఫోన్‌లో ఆయనలాంటివాళ్ళ గుంపు ఒకటుంది. ఏ షాఫ్ట్ బంతిని ఎంత తప్పిస్తుందో పొద్దస్తమానం వాదించుకుంటారు. వాళ్ళలో బల్ల మీదికి వంగినవాడు ఒక్కడున్నట్టు నాకు తోచలేదు. నేను చేసిన షాఫ్ట్ చూసి ఆయన, "ఇది నాకిచ్చెయ్ బ్రదర్" అన్నారు. "వేరేవాళ్ళదన్నగారూ" అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

నాయుడుపేటలో పోటీ వచ్చింది. గెలిస్తే జిల్లా తరఫున ఆడే అవకాశం. మళ్ళీ వేట మొదలైతే అతనికి తీరిక ఉండదు, కాబట్టి ఈ ఏటికి అదొక్కటే దారి. సంగతి విని మా పెద్ద, "ప్రార్థన చేయించకుండా పంపిస్తావా? ఆదివారం ఆ క్యూ గుడికి తీసుకురా" అన్నారు. అతన్ని అడిగాను.

"తీసుకుపో అన్నా. గంగమ్మకు మొక్కుకున్నా, మీ దేవుడు కూడా ఒక చెయ్యి వేస్తే నాకేం నష్టం?"

మా వాళ్ళకు ఒక అలవాటుంది. కొత్త బండి, ఆటో, బోరు మోటరు, కుట్టు మిషన్, ఏది కొన్నా ప్రార్థన చేసి ఒలీవ నూనె రాయిస్తారు. అందులో నాకు తప్పు కనబడలేదు, ఇప్పటికీ కనబడదు. కానీ ఇనుము నూనె తాగదు. వట్టి చెక్క తాగుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక మా పెద్ద కళ్ళు మూసుకుని షాఫ్ట్ మీద సీసా వంచారు. కొన నుంచి మొదలు దాకా అరచేత్తో పట్టించారు. కింద రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడింది ఎవరు? నేను. తడి చేత్తో షాఫ్ట్ ముట్టుకున్నా హాల్లో కేకలేసే నేను. సంఘమంతా చూస్తోంది. నోరు తెరిచి ఆపండి అనలేదు. తెరిచాను, ఆమేన్ అన్నాను. అందరికంటే గట్టిగా.

ఇంటికొచ్చి తువ్వాలుతో తుడిచాను. పైకి పొడిగానే ఉంది. అతనికి ఏమీ చెప్పలేదు.

నాయుడుపేట హాల్లో ఎండ వేడికి లోపలి నూనె పైకి తేలింది. అందులో సుద్దపొడి, చెమట కలిసి షాఫ్ట్ జిగటైంది. రెండో ఆటకే అతను ప్రతి దెబ్బకూ చేయి చొక్కాకు తుడుచుకుంటున్నాడు. చివరి నల్ల బంతి బల్ల మూల జేబు అంచున ఉంది, ఎవరైనా వేసేదే. కర్ర వేళ్ళ మధ్య ఆగింది. బంతి అంచు తగిలి వెనక్కి వచ్చింది. పోటీ పోయింది.

బయట టీ బంకు దగ్గర అతనికి నూనె సంగతి చెప్పాను. షాఫ్ట్ వాసన చూశాడు. బాగుచెయ్యమని క్యూ నా చేతికిచ్చాడు.

"నేను గెలవడం మీ దేవుడికి ఇష్టం లేదా అన్నా, మీ పెద్దాయనకా?"

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు ఇంకా అరగలేదు.

వారం తిరక్కుండా మా సంఘ పెద్ద ఆ క్యూ తీసుకుని ఇంటికి రమ్మని కబురు పెట్టారు. వెళ్ళాను. "ఓటమి కూడా దేవుని చిత్తమే బ్రదర్. అభిషేకించినదాన్ని మళ్ళీ ఆ బల్ల మీదికి తీసుకుపోకూడదు. ఇక్కడ భద్రంగా ఉంటుంది" అని బీరువా తెరిచారు. మధ్యలో ఒక జాగా ఖాళీ. సరిగ్గా నా క్యూ పొడవుకు రెండు కొత్త కొక్కేలు.

"ఇవి ఎప్పుడు కొట్టించినారన్నగారూ?"

"పోటీకి ముందే. ఎప్పటికైనా ఇక్కడికే వస్తుందని నా విశ్వాసం."

విశ్వాసమట! చూడని సంగతుల కోసం కన్నీళ్ళతో కనిపెట్టుకుని ఉండే మాట అది. మా అమ్మ మోకాళ్ళ మీద నేర్పిన మాట. దాన్ని కొక్కేనికి తగిలించాడాయన. కావాలనే నూనె పోశారని నేను అనను. కొక్కేలు మాత్రం కావాలనే కొట్టించారు. "ఇది పట్టుకుని ఆడేవాడు ఒకడున్నాడు. వాడి చేతికే పోతుంది" అని క్యూ చంకన పెట్టుకుని వచ్చేశాను. పోయిన ఆదివారం వాక్యం చదవడానికి నన్ను పిలవలేదు. నేను చేసిన బల్ల దగ్గర వేరే ఆయన నిలబడ్డాడు.

ఇప్పుడా షాఫ్ట్ నా కొట్లో సుద్దపొడి గుడ్డలో చుట్టి ఉంది. సుద్ద నూనెను పీలుస్తుంది. గుడ్డ మార్చి, ఒక పొర గీకి, మళ్ళీ చుడుతున్నాను. గీకినకొద్దీ సన్నబడుతోంది. ఇంకో రెండు పొరలు తీయవచ్చు. మూడోది తీస్తే దెబ్బకు వంగుతుంది, ఇక దేనికీ పనికిరాదు. అతను వేటకు పోయాడు. "తొందరేం లేదన్నా" అని పోయాడు. ఆ మాట నన్ను ఇంకా తొందరపెడుతోంది.

చదివేవాళ్ళారా, నాతో కలిసి ప్రార్థించండి. ఆ నూనె రెండు పొరల లోపలే ఆగి ఉండాలని అడగండి. నా కోపం చల్లారాలని కూడా అడగండి, కాకపోతే షాఫ్ట్ బాగయ్యాక. దేనికి ఆమేన్ అంటున్నానో కళ్ళు తెరిచి చూసి అనే ధైర్యం నాకిమ్మని మాత్రం ముందుగా అడగండి. మీ దగ్గర నూనె సీసా ఉంటే, మూత బిగించి మరీ మోకరించండి.