అత్త వేసిన మూడు కుట్లు

పోయిన గురువారం మా మేనత్త చనిపోయింది. పొద్దున్నే పండరీ బట్టల బజారు నుంచి వచ్చిన చీరల మూట విప్పి, ఒక చీర కొంగుకి దారం కుడుతూ అలా గోడకి ఒరిగిపోయింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. దినాలు కూడా కాలేదు, అప్పుడే చుట్టాలు "ఇంక ఆ ఆన్‌లైన్ దుకాణం మూసేయండి, ఆ దొంగలతో ఎవరు పడతారు" అంటున్నారు. వాళ్ళకి జవాబు చెప్తాను. ముందు ఆమె ఎవరో మీకు తెలియాలి.

శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగం మీద రాయ్‌పూర్ వచ్చిన ఇంటి కోడలు. దేవేంద్ర నగర్‌లో రెండు గదుల ఇల్లు, ముందు గదే దుకాణం. పండరీలో చీరలు ఎంచి తెచ్చి, ఫోటోలు తీసి, ఒక పెద్ద సైటులో అమ్మేది. కొందరు కొత్త చీర తెప్పించుకుని, పాత చిరుగుల చీర మడతపెట్టి "నచ్చలేదు" అని వెనక్కి పంపేవాళ్ళు. సైటువాళ్ళు కొన్నవాళ్ళ మాటే నమ్మేవాళ్ళు.

అప్పుడు అత్తకి ఒకప్పుడు తామున్న రైల్వే క్వార్టర్లు గుర్తొచ్చాయి. చాకలికి బట్టలేసేటప్పుడు ఏ ఇంటివో తెలియడానికి అక్కడ ఇంటికో రంగు దారం కుట్టేవారట. అంతే, ప్రతి చీర కొంగు లోపలి మూలన మూడు చిన్న కుట్లు పడ్డాయి. కుట్లు లేని చీర తిరిగొస్తే అది మాది కాదన్నమాట. అలాంటి దారమే పాత చీరకి కుట్టి పంపిన ఘనులూ ఉన్నారు. అత్త రోజుకో రంగు పెట్టి, కెమెరా ముందే మడతపెట్టడం మొదలెట్టింది. "ఆళ్ళు కొత్త ఎత్తు ఏస్తే మనం కొత్త దారం ఎక్కిద్దాం. సూదికేటి, అలుపా?" అనేది.

ఆమె దగ్గరే ఉండి దుకాణం పనులు చూసే నాకు అంత నిదానం లేదు. హక్కులూ పోరాటాలూ అంటూ కరపత్రాల్లో చదివిన మాటలన్నీ నోటిమీదే ఉండేవి. ఒకసారి రాయ్‌పూర్ దగ్గరి తిల్దా నుంచి ఒక చీర దారం లేకుండా తిరిగొచ్చింది. కొన్నామె పేరూ ఊరూ అమ్మకందార్ల గ్రూపులో పెట్టి, "ఈమె దొంగ, ఎవరూ అమ్మకండి" అని రాసేశాను. అత్త ఆనాటి ప్యాకింగ్ వీడియో నా ముందు పెట్టింది. అందులో ఉన్నది నేనే. ఫోన్లో ఎవరితోనో వాదిస్తూ, దారం కుట్టకుండానే మడతపెట్టేశాను.

"ఇప్పుడు సెప్పు, దొంగెవరే?"

"పోస్టు తీసేస్తాను అత్తా."

"తీసేస్తే సరా? నలుగురూ సదివేసినాక? సెప్పులేసుకో. రైలుంది."

తిల్దాలో ఆమె ఇల్లు బియ్యం మిల్లు వెనక. గుమ్మంలోనే నిలబెట్టి హిందీలో దులిపేసింది. "దీదీ, మీ పిల్లకి నోరొక్కటే ఉందా, కళ్ళు లేవా?"

"ఉన్నాయమ్మా, ఆరోజు ఇంట్లో మర్చిపోయింది" అంది అత్త. ఆమెకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. చేతులు జోడించి క్షమించమన్నాను. గ్రూపులోనూ నా తప్పు నా పేరుతోనే రాశాను.

తిరుగు రైల్లో అత్త ఒక్కటే అంది. "దొంగని వదలొద్దు. అలాగని కొన్న పెతీవోళ్ళనీ దొంగలా సూసినామనుకో, ఆడు గెలిసినట్టే."

ఆ తర్వాత సైటువాళ్ళు, తిరిగొచ్చే చీరలు ఎక్కువయ్యాయని మా దుకాణాన్నే ఆపేశారు. అత్త ఒక్కొక్క వీడియో జతచేసి ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టింది. నేను రాసిన ఆవేశపు వాక్యాలు చూసి "తిట్లు తీసెయ్, రుజువెట్టు" అంది. నెలలు పట్టింది. తెరిచారు.

మూసేయమనే చుట్టాలకి నా జవాబు ఇదే. మూయం. మోసం చేసేవాడికి లేని సిగ్గు, కష్టపడి అమ్ముకునేవాళ్ళకి ఎందుకు?

కబురు తెలిసి తిల్దా ఆమె ఫోన్ చేసింది. ఇప్పటికీ మా దగ్గరే కొంటుంది. అత్త ఎలా పోయిందో విని, "దీదీ చేతిలో ఉన్న ఆ చీర నాకే పంపు" అంది. మైల రోజుల్లో ఏమిటిదన్నారు ఇంట్లో. అననీ. నిన్న కెమెరా పెట్టి ఆ చీర తీశాను. గురువారం రంగు ఆకుపచ్చ. రెండు కుట్లు పడి ఉన్నాయి, సూది ఇంకా కొంగుకే వేలాడుతోంది. మూడోది నేను వేశాను. వంకరగా వచ్చింది. విప్పలేదు.